సుద్దముక్క లేని షెడ్డు

షాఫ్టు దించే ముందు ఫ్లాంజ్ మీద ఒక గీత, దానికి ఎదురుగా షాఫ్టు మీద ఇంకో గీత పెట్టని కుర్రాడు మా రోజుల్లో మధ్యాహ్నం భోజనం దాకా షెడ్డులో నిలిచేవాడు కాదు. మేస్త్రి తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. వాడి చేతిలో స్పానర్ తీసుకుని పక్కన పెట్టేవాడు. ఇక ఆ పూటంతా వాడికి డీజిల్ పళ్లెంలో నట్లు కడిగే పనే. ఇప్పుడు బెజవాడ ఆటోనగర్‌లో మీకు నచ్చిన షెడ్డుకి వెళ్లి సుద్దముక్క ఒకటి ఇమ్మని అడగండి. కంప్యూటర్ స్కానర్ చూపిస్తారు, గాలితో తిరిగే గన్ను చూపిస్తారు, కూర్చోమని చల్లటి నీళ్ల సీసా కూడా ఇస్తారు. సుద్దముక్క మాత్రం ఉండదు.

నేను షెడ్డు మానేసి చాలా కాలమైంది. మోకాళ్లు వద్దన్నాయి, మానేశాను. అయినా బండ్లు ఇంటి ముందుకి వస్తూనే ఉంటాయి. వచ్చేవాటిలో ఒకే రకం కథ ఎక్కువ. "బాబాయ్, క్రాసులు రెండూ కొత్తవి వేయించా. అంతకు ముందు గేరు వేస్తే టక్కుమనే చప్పుడు ఒక్కటే ఉండేది. ఇప్పుడు 80 దాటితే సీటు కింద గుయ్యిమని వణుకు. టైర్లు బ్యాలెన్సింగ్ చేశారు, అలైన్‌మెంట్ చేశారు, గేర్‌బాక్స్ మౌంటింగ్ మార్చారు. ఇంకా పోలేదు." రిపేరుకి ముందు లేని వణుకు రిపేరు తర్వాత వచ్చిందంటే, చెయ్యి పెట్టిన చోటే వెతకాలి గదయ్యా! టైర్ని ఎవరైనా ముట్టుకున్నారా? లేదు. మరి ముందుగా దాని మీద ఎందుకు పడ్డారు? టైరు బ్యాలెన్సింగ్ మిషను షెడ్డులో ఉంది కాబట్టి, దానికి బిల్లు వేయడం తేలిక కాబట్టి. అంతకు మించి కారణం నాకు కనిపించదు.

గీతలు ఎందుకో కుర్రాళ్లకి చెబుదామంటే వినే ఓపిక ఉండదు. మీకు చెబుతాను. షాఫ్టు చివర వంపులో తిరిగే ఈ క్రాసు జాయింటు నిన్నా మొన్నటిది కాదు. దాని గుణం 17వ శతాబ్దంలోనే రాబర్ట్ హుక్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త చూసి రాశాడు. మోటారు బండికి పనికొచ్చేలా దాన్ని తయారుచేసి 1903లో పేటెంటు తీసుకున్నది అమెరికాలో క్లారెన్స్ స్పైసర్. మేం అంగట్లో "స్పైసర్ క్రాసు ఇవ్వండి" అని అడిగి కొనేవాళ్లం, ఆయనెవరో మాకు తెలియదు. కానీ ఆ జాయింటు గుణం మాత్రం మా మేస్త్రికి తెలుసు. వంగిన జాయింటు గుండా తిరుగుడు సమంగా పోదు. ఇటువైపు గేర్‌బాక్స్ ఒకే వేగంతో తిప్పుతున్నా, అటువైపు షాఫ్టు ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. జాయింటు 10 డిగ్రీలు వంగి ఉంటే ఆ తేడా నూటికి ఒకటిన్నర అటూ ఇటూ. 20 డిగ్రీలు వంగితే నూటికి ఆరు. అందుకే షాఫ్టుకి రెండో చివర ఇంకో క్రాసు. మొదటిది చేసిన అల్లరిని రెండోది సరిచేస్తుంది, వెనక చక్రాలని తిప్పే హౌసింగ్‌కి తిరుగుడు మళ్లీ సమంగా చేరుతుంది.

అయితే ఆ సర్దుబాటు ఊరికే జరగదు. షాఫ్టుకి రెండు చివర్లా ఉన్న యోకులు ఒకే వరసలో ఉండాలి. రెండు జాయింట్ల వంపులూ సమానంగా ఉండాలి. ఇందులో మొదటిదే మేస్త్రి గీతల సంగతి. షాఫ్టు మధ్యలో జారే స్లిప్ యోకు ఉంటుంది, దానికి స్ప్లైన్లు ఉంటాయి. గుర్తు లేకుండా ఊడదీసి, కడిగి, గ్రీజు పెట్టి, ఎలా పడితే అలా దూర్చారనుకోండి. స్ప్లైన్‌కి 16 పళ్లుంటే ఒక్క పన్ను తేడా అంటే 22.5 డిగ్రీలు. అప్పుడు రెండో క్రాసు మొదటిదాన్ని పూర్తిగా సరిచెయ్యదు, ఇంకా ఎక్కువ పళ్లు తప్పితే దానికి తన వంతు కలుపుతుంది. చాలా షాఫ్టుల మీద కంపెనీవాళ్లే రెండు బాణం గుర్తులు కొట్టి పంపుతారు. ఎదురెదురుగా పెట్టండి నాయనా అని దాని భావం. ఆ బాణాల మీద ఎన్నేళ్ల మట్టో పేరుకుని ఉంటుంది. వైర్ బ్రష్‌తో ఒక్కసారి గీకితే కనిపిస్తాయి. గీకేవాడేడీ?

క్రాసు వేయడం చూస్తే ఇంకా మండుతుంది. సుత్తి మా రోజుల్లోనూ ఉండేది, లేదనను. కానీ క్రాసు కొమ్ములకి తొడిగే కప్పులు దించడానికి వైసు, రెండు సాకెట్లు వాడేవాళ్లం. ఒక సాకెట్ చిన్నది, నెట్టడానికి. ఒకటి పెద్దది, బయటికొచ్చే కప్పుని అందుకోవడానికి. కొత్త కప్పులో నీడిల్స్ అన్నీ గ్రీజులో నిలబడి ఉన్నాయో లేదో వేలు పెట్టి తిప్పి చూసేవాళ్లం. ఒక్క నీడిల్ పడిపోయి కప్పు అడుగున అడ్డంగా పడుకుందంటే ఇక కప్పు పూర్తిగా దిగదు, దాన్ని ఆపే లాకు గాడిలో కూర్చోదు. ఇప్పటి కుర్రాడు ఏం చేస్తాడు? ఉలి పెట్టి లాకుని కొడతాడు. అప్పటికీ కూర్చోకపోతే లాకుని గ్రైండర్ మీద అరగదీస్తాడు. కూర్చుంది! ఇప్పుడు క్రాసు నడిమధ్యలో లేదు, ఒక పక్కకి జరిగి ఉంది. క్రాసు జరిగితే దానితో పాటు అంత బరువు షాఫ్టూ జరిగి తిరుగుతుంది. లాకులు వేరు వేరు మందాల్లో ఎందుకు దొరుకుతాయో ఒక్కడూ అడగడు. క్రాసుని సరిగ్గా మధ్యకి తెచ్చుకోవడానికే అవి.

వేశాక ఇంకో పరీక్ష ఉండేది. క్రాసుని వేలితో నాలుగు దిక్కులా ఊపితే ఎక్కడా పట్టెయ్యకుండా, ఎక్కడా లొడలొడలాడకుండా మెత్తగా కదలాలి. బిగుసుకుంటే యోకు చెవుల మీద ఇత్తడి సుత్తితో ఒక్కొక్కటి మెల్లగా తడితే కప్పు బయటికి జరిగి లాకుకి ఆనుకుంటుంది, బిగుసు విడుస్తుంది. అర నిమిషం పని. బిగుసుకున్న క్రాసుతో బయటికి పంపిన బండి కొత్త షాఫ్టు వేసినా వణుకుతుంది. ఆ కస్టమరు బ్యాలెన్సింగ్ షాపుకి వెళ్తాడు. అక్కడివాడు ఆ బిగుసు క్రాసుతోనే మిషను మీద తిప్పి, దానికి తగ్గట్టు బరువులు అంటించి పంపుతాడు. తర్వాత క్రాసు అరిగి వదులైనప్పుడు ఆ బరువులే దయ్యాలై కూర్చుంటాయి.

పాత క్రాసుని పారెయ్యకుండా గుడ్డతో తుడిచి చూసేవాళ్లం. అదేం సెంటిమెంటు కాదు, జబ్బు ఏమిటో అందులోనే రాసి ఉండేది. నాలుగు కొమ్ముల్లో ఒక్కటే ఎర్రటి తుప్పు పొడితో నిండి ఉంటే, ఆ కప్పుకి గ్రీజు చేరడం లేదు, లోపలి దారి మూసుకుపోయిందని అర్థం. కొమ్ముల మీద నీడిల్స్ పడ్డ చోట సన్నటి నిలువు గాడులు పడి ఉంటే రెండు రకాల అనుమానం. బండి మోయాల్సిన దానికంటే ఎక్కువ మోసింది, లేదా జాయింటు అసలు వంపే లేకుండా నిటారుగా తిరిగింది. చాలామందికి తెలియదు, వంపు బొత్తిగా లేకపోవడమూ రోగమే. ఒక డిగ్రీ అయినా వంపు ఉంటేనే నీడిల్స్ దొర్లుతాయి. లేకపోతే ఉన్నచోటే ఉండి కొమ్ముని కొరికేస్తాయి. ఇప్పుడు చాలా క్రాసులు గ్రీజు నిపుల్ లేకుండా సీలు వేసి వస్తున్నాయి. అరిగితే తీసి చెత్తబుట్టలో వెయ్యడమే. చూడవలసినదేమీ లేదట.

ఇక వణుకు ఎక్కడిదో కనుక్కోవడం. దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, కూడికా గుణకారమూ వస్తే చాలు. బండి ఏ వేగం దగ్గర వణుకుతుందో చూడాలి. అదే వేగంలో ఒక గేరు దించి నడపాలి. ఇంజన్ చుట్లు పెరుగుతాయి గాని బండి వేగం అదే. వణుకు అలాగే ఉంటే ఇంజన్ది కాదు, క్లచ్చుది కాదు, గేర్‌బాక్స్ నించి వెనక్కి వెతుక్కోవాలి. వణుకు మారితే ఇంజన్ వైపు వెతుక్కోవాలి. తర్వాత యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఎక్కువా, వదిలినప్పుడు ఎక్కువా? తొక్కినప్పుడు మాత్రమే వస్తే వంపులో తప్పు ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే లాగేటప్పుడు హౌసింగ్ ముక్కు పైకి లేస్తుంది, జాయింటు వంపు మారుతుంది. తొక్కినా వదిలినా ఒకేలా ఉంటే బ్యాలెన్సు వైపు చూడాలి. ఇంత మాత్రం తేల్చడానికి బైపాస్ మీద ఒక తిరుగుడు చాలు. ఇప్పుడు బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లేవాడే లేడు. లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతుంటే గేరు వేసి తిప్పి, "చూడండి సార్ ఎలా ఊగుతోందో" అని వీడియో తీసి పంపుతారు. చక్రాలు వేలాడితే జాయింట్ల వంపు రోడ్డు మీద ఉండే దానికంటే ఎక్కువవుతుంది. రోడ్డు మీద లేని వణుకు లిఫ్టు మీద కనిపిస్తుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నట్టు స్టాండ్లు యాక్సిల్ కిందే పెట్టి తిప్పాలన్న సంగతి ఎవరు నేర్పాలి వీళ్లకి?

గుణకారం సంగతి చెప్పాను కదా. బొలెరో లాంటి బండి చక్రం ఒక చుట్టు తిరిగితే రెండు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు పోతుందనుకుందాం. గంటకి 80 కిలోమీటర్ల దగ్గర చక్రం సెకనుకి 10 చుట్లు తిరుగుతుంది. హౌసింగ్ నిష్పత్తి 4 అనుకుంటే షాఫ్టు 40 చుట్లు. బ్యాలెన్సు తప్పిన షాఫ్టు చుట్టుకి ఒకసారి కొడుతుంది, అంటే సెకనుకి 40. వంపు తప్పిన జాయింటు చుట్టుకి రెండుసార్లు, అంటే 80. టైరుదైతే 10. ఈ మూడూ ఒకదానికొకటి చాలా దూరం. 10 అంటే స్టీరింగూ సీటూ ఊగడం, కంటికి కనిపిస్తుంది. 40 అంటే పిరుదుల కింద జలజల. 80 అంటే వణుకు కన్నా మోత ఎక్కువ, చెవులు దిబ్బళ్లు పడ్డట్టు ఉంటుంది. మా మేస్త్రికి ఈ లెక్క కాగితం మీద రాదు. సీటు మీద కూర్చుని, అరచెయ్యి గేర్ రాడ్డు మీద పెట్టి, "ఇది చక్రం కాదురా, జాయింటు" అనేవాడు. ఇప్పుడు ఫోన్లోనే సెకనుకి ఎన్నిసార్లు వణుకుతోందో చూపించే యాప్‌లు ఉన్నాయి. మా మనవడు చూపించాడు, నిజంగా బాగుంది. మేస్త్రికి అది దొరికి ఉంటే దేవుడి పటం పక్కన పెట్టుకునేవాడు. అదే యాప్ జేబులో పెట్టుకున్న కుర్రాడు టైరు వైపు నడుస్తున్నాడు, నా బాధ అది.

టక్కుమనే చప్పుడు ఇంకో తంతు. బండి కదిలేటప్పుడు టక్కు, ఆగేటప్పుడు టక్కు. షాఫ్టుని చేత్తో తిప్పి చూస్తారు, అటూ ఇటూ కదులుతుంది. "ప్లే ఉంది, షాఫ్టు మార్చాలి." మారుస్తారు. టక్కు పోదు. ఎందుకు పోతుంది? చక్రాల దగ్గర యాక్సిల్ స్ప్లైన్లలో 2 డిగ్రీల ప్లే ఉందనుకోండి. హౌసింగ్ నిష్పత్తి 4 అయితే అది షాఫ్టు దగ్గర 8 డిగ్రీలుగా కనిపిస్తుంది. చక్రం దగ్గరి చిన్న వదులు షాఫ్టు దగ్గర పెద్దదవుతుంది. అందువల్ల షాఫ్టు కదిలినంత మాత్రాన తప్పు షాఫ్టుది కాదు. బండిని కదలకుండా కట్టి, గేరు వేసి, ఒక మనిషి షాఫ్టుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకో మనిషి టార్చి పట్టుకుని పాకుతూ వెళ్లాలి. క్రాసు దగ్గర యోకు ముందు కదిలి క్రాసు తర్వాత కదులుతోందా? స్ప్లైన్ దగ్గరా? ఫ్లాంజ్ నట్టు వదులయి ఫ్లాంజే పినియన్ మీద ఆడుతోందా? లేక షాఫ్టూ పినియనూ కలిసి చక్కగా కదులుతుంటే చప్పుడు లోపల డిఫరెన్షియల్‌లో వస్తోందా? వేలు రెండు భాగాలకీ ఆనించి పెడితే ఏది ఆలస్యంగా కదులుతుందో గోరే చెబుతుంది. చాలాసార్లు జబ్బు స్లిప్ యోకు ఎండిపోవడం. బ్రేకు వేసినప్పుడు కమాన్ పట్టీలు చుట్టుకుంటాయి, హౌసింగ్ కదులుతుంది, స్ప్లైన్ పట్టేసి ఒక్కసారి వదులుతుంది, టక్కు. ఊడదీసి, తుడిచి, మంచి గ్రీజు పెట్టి బిగిస్తే పోతుంది. ఆ గ్రీజు ఖర్చు చెబితే ఇప్పుడు షెడ్డులో నవ్వుతారు.

వంపుల సంగతికొస్తే, జీపుల పిచ్చి చూసి చెబుతున్నాను. మహీంద్రా వాళ్లు 1947 నించి విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక మన పల్లెల్లో ఆ బండి తిరగని మట్టి రోడ్డు లేదు. కమాన్ పట్టీల మీద కూర్చున్న ఆ వెనక హౌసింగ్ ఎంత ఎత్తులో, ఎంత వంపులో ఉండాలో కట్టినవాళ్లు చూసే కట్టారు. ఇప్పటి కుర్రాళ్లు దానికి రెండు పట్టీలు ఎక్కువేసి, పొడుగు షాకిల్స్ వేసి, నాలుగు అంగుళాలు లేపుతారు. ఫొటోకి బ్రహ్మాండంగా ఉంటుంది. హౌసింగ్ కిందికి పోయింది, ట్రాన్స్‌ఫర్ కేసు పైన ఉండిపోయింది, రెండు జాయింట్ల వంపూ పెరిగింది, పొడుగు షాకిల్స్ వల్ల పినియన్ ముక్కు కూడా తిరిగి రెండు వంపులూ ఒకదానితో ఒకటి కలవకుండా పోయాయి. షాఫ్టు పొట్టిది కాబట్టి కొద్ది ఎత్తుకే పెద్ద వంపు. "బాబాయ్, షాఫ్టు బ్యాలెన్సింగ్ చేయించినా వణుకు పోవట్లేదు" అంటాడు ఆ అబ్బాయి. బ్యాలెన్సింగ్ ఏం చేస్తుంది నాయనా? పట్టీలకీ హౌసింగ్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు పెట్టి పినియన్ ముక్కుని తిప్పుకోవాలి. మేం తాపీమేస్త్రీల రసమట్టం, బళ్లో పిల్లల కోణమానినీ పట్టుకుని గేర్‌బాక్స్ వంపూ, షాఫ్టు వంపూ, పినియన్ వంపూ కొలిచేవాళ్లం. ఇప్పుడు ఆ రసమట్టం ప్రతివాడి ఫోన్లోనూ ఉంది. షాఫ్టు మీద ఫోను పెడితే డిగ్రీలు చూపిస్తుంది. రీల్సు తియ్యడానికి తప్ప ఫోను బండి కిందికి పోదు.

లోడు లారీలదీ అదే కథ. ఓవర్‌లోడుకి పట్టీలు పెంచుతారు, ఖాళీగా వచ్చేటప్పుడు వణుకుతుంది, లోడుతో వణకదు. రెండు ముక్కల షాఫ్టుకి మధ్యలో సెంటర్ బేరింగ్ ఉంటుంది. దాని రబ్బరు చిరిగితే షాఫ్టు నడుం దిగబడుతుంది, ఫస్టు గేరులో బండి కదిలేటప్పుడు దడదడలాడుతుంది. బేరింగ్ మార్చినవాడు దాని బ్రాకెట్ కింద ఉన్న వాషర్లు పారేస్తాడు. అవి ఎత్తు సరిచెయ్యడానికి పెట్టిన వాషర్లని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇక చాసిస్ పొడిగించి బస్సు బాడీ కట్టేవాళ్లు ట్యూబుకి అతుకేసి షాఫ్టు పొడుగు చేయిస్తారు. ట్యూబు పొడుగు పెరిగే కొద్దీ అది విల్లులా వంగి కొరడాలా ఊగే వేగం దిగిపోతుంది, అదీ పొడుగు వర్గంతో. ఒకటికి ఒకటిన్నర రెట్లు పొడుగు చేస్తే ఆ హద్దు వేగం సగానికంటే కిందికి పడిపోతుంది. ఇంకో సెంటర్ బేరింగ్ పెట్టాల్సింది పోయి లేత్ షాపువాణ్ణి తిడతారు.

బ్యాలెన్సు గురించి మాత్రం ఇప్పటివాళ్లకి ఒక దండం పెడతాను. మేం చేసినది చూస్తే నవ్వుతారు. వెనక యాక్సిల్‌ని స్టాండ్ల మీద నిలబెట్టి, గేరు వేసి తిప్పుతూ, పక్కన ఇటుక మీద సుద్ద ఆనించి మెల్లగా దగ్గరికి తెచ్చేవాళ్లం. ఎత్తుగా ఉన్న వైపు గీత పడేది. అప్పుడు రేడియేటర్ గొట్టానికి వాడే హోస్ క్లిప్పులు రెండు షాఫ్టుకి బిగించి, వాటి స్క్రూ తలలు ఆ గీతకి ఎదుటి పక్క ఉంచి, కొంచెం కొంచెం విడదీస్తూ వణుకు తగ్గే చోటు పట్టుకునేవాళ్లం. సగం పూట పట్టేది, పైగా తిరిగే షాఫ్టు పక్కన మొహం పెట్టడం పిచ్చిపని. పంచె కట్టుకుని చేసినవాళ్లని చూశాను, తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇప్పుడు మిషను మీద ఎక్కిస్తే ఎక్కడ ఎన్ని గ్రాములు పెట్టాలో చెబుతుంది. అంతకంటే మేలు ఏముంది? కానీ మిషనుకి ఎక్కించే ముందు ట్యూబు వంకర చూడాలి. డయల్ గేజ్ పెట్టి తిప్పితే అర మిల్లీమీటరుకి మించి ముల్లు ఆడితే ముందు వంకర తియ్యాలి. వంకర ట్యూబుకి బరువులు అంటించి మభ్యపెట్టకూడదు.

గ్రాములంటే ఎంతలే అనుకుంటారు. ట్యూబు మీద 4 సెంటీమీటర్ల దూరంలో 10 గ్రాముల వెల్డింగ్ ముద్ద ఒకటి అంటుకుని ఉంటే, షాఫ్టు నిమిషానికి 2400 చుట్లు తిరిగేటప్పుడు అది రెండున్నర కిలోల బరువు లాగినట్టు లాగుతుంది. చుట్లు రెట్టింపైతే లాగుడు నాలుగింతలు. ఇది తెలిశాక వర్షాకాలం ముందు అండర్‌బాడీ కోటింగ్ అని బండి కిందంతా నల్లటి తారు కొట్టేవాళ్లని ఏమనాలో మీరే చెప్పండి. షాఫ్టు మీద ఒక పక్క కొట్టి, ఇంకో పక్క కొట్టకుండా వదిలేస్తారు. వణుకు మొదలు. పాత బ్యాలెన్సు ముక్క ఊడిపోయిన చోట ట్యూబు మీద చదరంగా, తుప్పు లేకుండా ఒక మచ్చ ఉంటుంది. దాన్ని చూడగానే కారణం తెలిసిపోతుంది, కిందికి దూరిన మనిషి కళ్లు తెరిస్తే.

ఇదంతా వెనక చక్రాలు లాగే బండ్ల గొడవ, ఇప్పుడు చిన్న కార్లన్నీ ముందు చక్రాలవి కదా అంటారు. 1983 చివర్లో మారుతి 800 వచ్చినప్పుడు మా షెడ్లలో సగంమంది దాని కింద పడుకుని షాఫ్టు కోసం వెతికినవాళ్లే. అందులో ఉన్నవి రెండు పొట్టి డ్రైవ్ షాఫ్టులు, చివర్లలో క్రాసు బదులు గుండ్ల జాయింట్లు. ఎంత వంగినా తిరుగుడు సమంగానే పంపే ఈ జాయింటు 1920ల్లో ఆల్ఫ్రెడ్ రెజెప్పా అనే ఇంజనీరు చేసింది. వరసలు కలపక్కర్లేదు, గీతలు పెట్టక్కర్లేదు, హాయి. దీన్ని కాపాడేది ఒక రబ్బరు బూటు. అది చిరిగి గ్రీజు పోయి ఇసుక చేరే దాకా ఎవరికీ పట్టదు. చేరాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకటక, అది బయటి జాయింటు. తిన్నగా పోతూ యాక్సిలరేటర్ తొక్కితే కారు ముక్కు అటూ ఇటూ ఊగి, వదలగానే ఆగిపోతే అది లోపలి జాయింటు. బూటు ఒక్కటి సమయానికి మారిస్తే పోయేదానికి మొత్తం షాఫ్టు తీసి కొత్తది పెడతారు. చవక రకం తెస్తే లోపలి జాయింటులో మొదటి రోజు నించే వదులు, కొత్త షాఫ్టుతో కొత్త ఊపు. పెట్టేటప్పుడు లోపలి చివర గేర్‌బాక్స్‌లో క్లిక్కుమని లాకు పడాలి, పట్టుకుని లాగితే రాకూడదు. అది పడకపోతే షాఫ్టు జరుగుతూ ఉంటుంది, ఆయిల్ సీలు తినేస్తుంది. హబ్బు నట్టు చెప్పిన బిగువుకి బిగించకపోతే మలుపుకో టక్కు. ఇవన్నీ కొత్త షాఫ్టు లోపం కిందే రాస్తారు.

మా రోజులు బంగారం అని నేనేమీ అనను. చదువుకోవాల్సిన పిల్లలు షెడ్లలో గ్రీజులో మునిగి పెరిగారు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కింద పడుకునేవాళ్లం. మోసాలకీ తక్కువ లేదు. హౌసింగ్ ఊళ పెడుతుంటే ఆయిల్లో రంపపు పొట్టు కలిపి నోరు మూయించి బండి అమ్మేసిన మహానుభావులు మా కాలంలోనే ఉన్నారు. కొన్నవాడు నెల తిరక్కుండా వచ్చి గోల చేసేవాడు. అయితే ఆ మోసం చేసినవాడికి కూడా ఊళ ఎక్కడి నించి వస్తోందో తెలుసు, తెలిసే పొట్టు పోశాడు. ఇప్పటి కుర్రాడు నిజాయితీగానే తప్పు భాగం మారుస్తున్నాడు. నాకు ఎందులో ఎక్కువ కోపమో చెప్పలేను.

   

కుర్రాళ్ల తప్పంతా కాదని నాకూ తెలుసు. షెడ్డులో గంటల లెక్కన పని, బయట గడియారం చూసుకుంటూ కస్టమరు, మధ్యలో ఇంకో నాలుగు బండ్లు. మొన్న ఒక అబ్బాయి ఫోర్ వీల్ జీపు తెచ్చాడు. వెనక షాఫ్టు క్రాసులు మార్చారు, హౌసింగ్ విప్పి పినియన్ బేరింగ్ మార్చారు, నాలుగు టైర్లూ కొత్తవి. ఫోర్ వీల్ వెయ్యకుండానే 60 దగ్గర వణుకు. ఆ పాత జీపుల్లో ముందు హబ్బులు విడిపోయే రకం కాకపోతే, ఫోర్ వీల్ వెయ్యకపోయినా ముందు షాఫ్టు ఊరికే తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. "నాయనా, ముందు షాఫ్టు రెండు చివర్లా బోల్టులు విప్పి, దించి, పక్కన పెట్టి, టూ వీల్లో ఒకసారి నడుపు. వణుకు పోతే దొరికినట్టే, పోకపోతే ముందుది కాదని తేలినట్టే" అన్నాను. అబ్బాయి మళ్లీ షెడ్డుకి వెళ్లి అడిగాడు. ఊరికే విప్పి చూడటానికి బిల్లులో కాలమ్ లేదన్నారట. ముందు షాఫ్టుకి కొత్త క్రాసులు వేయించుకుంటే మాత్రం ఇప్పుడే విప్పుతామన్నారట.